కంటి డాక్టరు మీద కేసు: ఖుర్జా శిబిరం నుంచి ఇండెమ్నిటీ పాలసీ దాకా

1986 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో జరిగిన కంటి శిబిరంలో 88 మందికి శుక్లాలు తీస్తే 84 మందికి ఆ కన్ను పోయింది. వాడిన సెలైన్ కలుషితమై ఉండొచ్చని విచారణలో చెప్పారు. బాధితుల తరఫు వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్తే, 1989లో ఒక్కొక్కరికీ అంతకుముందు ఇచ్చిన 5,000 రూపాయలు కాక మరో 12,500 ఇమ్మంది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2016లో హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ల తర్వాత ఇన్ఫెక్షన్లు వచ్చినప్పుడూ అనుమానం మళ్లీ ద్రవం మీదికే, ఈసారి రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రావణం మీదికే పోయింది. బాటిల్ బ్యాచ్ నంబరు కేస్ షీటులో రాయమని పెద్ద డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.

1995 నవంబరు 13న వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. ఆ తీర్పులో సగం భాగమే చాలామందికి గుర్తుంది. అందరికీ ఉచితంగా చేసే చోటుకు మినహాయింపు ఉంది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని మిగతావాళ్లకు ఉచితంగా చేస్తే మాత్రం ఆ ఉచిత రోగి కూడా ఫిర్యాదు చేయవచ్చు. మన కంటి ఆసుపత్రులు చాలావరకు నడిచేది ఈ పద్ధతిలోనే.

క్రిమినల్ కేసుల్లో డాక్టరుది ఘోరమైన నిర్లక్ష్యమై ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది. భారతీయ న్యాయ సంహితలో మరణానికి సంబంధించిన 106వ సెక్షన్ మీదే చర్చంతా నడిచింది గానీ, కంటి డాక్టర్లు చదవాల్సింది నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేయడం గురించిన 125(బి). ఒక్క కంటిచూపు శాశ్వతంగా పోయినా చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా ఏ పాలసీ కట్టదు.

పరిహారం లెక్కలు మారిపోయింది నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు వచ్చే ఆర్‌ఓపీ (రెటీనా దెబ్బతిని చూపు పోగొట్టే జబ్బు) కేసుల్లో. 1996లో చెన్నైలో 29వ వారంలో, 1,250 గ్రాములతో పుట్టిన పాపకు రెటీనా పరీక్ష చేయలేదు, చేయించాలని తల్లిదండ్రులకు చెప్పనూ లేదు. 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన పరిహారం దాదాపు 1.8 కోట్లు. 2019లో ఢిల్లీకి చెందిన మరో కేసులో 76 లక్షలు. పరీక్ష చేశామన్న ఆసుపత్రి వాదన అక్కడ నిలవలేదు. 34 వారాల లోపు పుట్టినా, 2,000 గ్రాముల లోపు బరువున్నా 30 రోజులలోగా తొలి పరీక్ష జరగాలి. 28 వారాల లోపు లేదా 1,200 గ్రాముల లోపు అయితే రెండు మూడు వారాలకే. జోన్ (రెటీనాలో జబ్బు ఎక్కడుందో), స్టేజ్ (ఎంత ముదిరిందో), ప్లస్ (రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరగడం) ఉందా లేదా, మళ్లీ చూడాల్సిన తేదీ, ఈ నాలుగూ రాసిన కాగితం ఒకటి తల్లి చేతికి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోవాలి. "మళ్లీ రండి" అని నోటితో చెప్పింది కోర్టులో లెక్కలోకి రాదు.

డాక్టరు మీద కేసు పడితే పరిహారం కట్టే బీమా, అంటే ఇండెమ్నిటీ పాలసీలో డాక్టర్లు చూసేది ప్రీమియం. చూడాల్సింది వేరే. ఈ పాలసీలు సాధారణంగా క్లెయిము వచ్చిన రోజున అమల్లో ఉండాలి, ఆపరేషన్ రెట్రోయాక్టివ్ తేదీ (పాలసీ రక్షణ లెక్కలోకి వచ్చే మొదటి రోజు) తర్వాత జరిగి ఉండాలి. రెన్యువల్ తప్పి కొత్త పాలసీ తీసుకుంటే ఆ పాత తేదీ పోతుంది, గడిచిన ఏళ్ల ఆపరేషన్లకు రక్షణ ఉండదు. రిటైరైన డాక్టరు పాలసీ కట్టడం మానేసినా అంతే. ఇంకోటి, కోటి రూపాయల పాలసీ అని రాసి ఉన్నా ఒక్క కేసుకూ ఏడాది మొత్తానికీ ఉన్న పరిమితుల నిష్పత్తి 1:4 అయితే ఒక్క కేసుకు ఇచ్చేది 25 లక్షలే. లాయరు ఖర్చు కూడా చాలాసార్లు అందులోంచే పోతుంది. సిబ్బంది తప్పిదం, ఆసుపత్రి బాధ్యత వ్యక్తిగత పాలసీలో ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోవాలి. ఆసుపత్రికి విడిగా పాలసీ ఉంటుంది.

నోటీసు అందగానే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. వాళ్ల అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, రాజీకీ పోకూడదు. వినియోగదారుల కమిషన్ నోటీసుకు జవాబు గడువు 30 రోజులు, పొడిగిస్తే మరో 15. ఆపైన కుదరదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. రోగి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇచ్చేముందు ఆసుపత్రి దగ్గర పూర్తి నకలు ఉంచుకోవాలి. అప్పుడు కూర్చుని కేస్ షీటులో కొత్తగా ఏదీ రాయకూడదు. వేరే సిరాతో చేర్చిన ఒక్క లైను చాలు, మిగతా షీటంతా అనుమానంలో పడటానికి.