కిట్టయ్యకు పేరుంది, మన సిపాయికి లేదు

బెంగళూరు రామమూర్తినగర్ వైపు మా లేఔట్ పార్కులో ఒక స్మారక శిల నిలబెట్టాలన్న మాట 2025 మేలో మొదలైంది. ఆ నెల 9న నియంత్రణ రేఖ దగ్గర మురళీ నాయక్ అనే అగ్నివీరుడు ప్రాణం విడిచాడు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడు. మా వీధుల్లో హిందూపురం, పెనుకొండ, గోరంట్ల, మదనపల్లె నుంచి వచ్చి స్థిరపడిన ఇళ్లు చాలా ఉన్నాయి. బెంగళూరులో ఉంటున్నా మాకది సొంతూరి చావే.

అప్పటినుంచి పార్కులో రెండు జట్లయ్యాయి. రిటైరైన మిలటరీవాళ్లు రాయి కావాలంటారు. ఉన్న కాస్త పచ్చదనంలో ఇంకో కట్టడం ఏమిటని పొద్దునే నడిచేవాళ్లు అంటారు. రాతి మీద కన్నడ ఉండాలా, తెలుగు ఉండాలా, తమిళం కూడానా అనే గొడవ మరోవైపు. ఎంత ఎత్తు, ఎక్కడ, ఏ భాష అన్నవే ఇంతవరకూ మాట్లాడుకున్నాం. అసలు ప్రశ్న ఎవరి పేర్లు చెక్కాలన్నదేనని నా నమ్మకం. ఆ ప్రశ్న ఈ ఊళ్లో చాలా పాతది.

హెబ్బాళలో కొన్నేళ్ల కిందట ఒక వీరగల్లు, అంటే పోరులో పోయిన వీరుడి కోసం నిలిపే రాయి, బయటపడింది. క్రీ.శ. 750 ప్రాంతానిదని, గంగ వంశపు రాజు శ్రీపురుషుడి కాలానిదని శాసన పండితులు తేల్చారు. తన నాడును కాపాడుతూ పోరులో పడిపోయిన కిట్టయ్య అనేవాడి కోసం నిలిపిన రాయి అది. రాజు కాదు, సేనాపతి కాదు. అయినా 1,200 ఏళ్లు దాటాక కూడా అతని పేరు పలకగలుగుతున్నాం. చరిత్ర మీద ప్రేమున్న నగరవాసులు పూనుకోవడం వల్లే ఆ రాయికి ఒక నీడ దొరికింది. బేగూరు నాగేశ్వర గుడిలోని క్రీ.శ. 890 నాటి వీరగల్లు మరీ ప్రసిద్ధం. 'బెంగళూరు' అన్న మాట మనకు మొదట కనిపించేది అక్కడే. 'బెంగళూరు కాళగం'లో, అంటే బెంగళూరు యుద్ధంలో, చనిపోయినవారి కోసం వేసిన శాసనమది. మన ఊరి పేరు చరిత్రలోకి వచ్చిందే ఒక యుద్ధ స్మారకం మీద.

వీరగల్లు మన సీమవాళ్లకూ కొత్తది కాదు. కింద పోరు, మధ్యలో వీరుణ్ణి మోసుకుపోయే అప్సరసలు, పైన లింగం ముందు కూర్చున్న వీరుడు. అనంతపురం, చిత్తూరు పల్లెల్లో పొలం గట్టున ఇలాంటివి కనబడితే పసుపు కుంకుమ పెట్టి మొక్కుతారు. చనిపోయినవాడు ఊరివాడు, రాయి నిలిపిందీ ఊరే.

ఇంగ్లీషువాళ్ల కాలంలో ఈ పద్ధతి మారింది. 1791 మార్చి 21న కార్న్‌వాలిస్ సైన్యం టిప్పు చేతిలోని బెంగళూరు కోటను పట్టుకుంది. ఆ ముట్టడిలో పోయిన తమవారి కోసం ఇంగ్లీషువాళ్లు ఇప్పటి హడ్సన్ సర్కిల్ దగ్గర ఒక స్తంభం కట్టారు. నేటి నృపతుంగ రోడ్డును అప్పట్లో సెనొటాఫ్ (స్మారక స్తంభం) రోడ్డు అనడానికి కారణం అదే. కోటను కాపాడుతూ ప్రాణమిచ్చిన కోట అధిపతి (కిల్లేదార్) బహదూర్ ఖాన్‌కు ఆ స్తంభం మీద చోటు లేదు. కన్నడ సంఘాల ఆందోళన తర్వాత 1964లో దాన్ని తీసేశారు.

కార్న్‌వాలిస్ దండులో మద్రాసు సైన్యం ఉంది, అందులో తెలుగు సిపాయిలు ఉన్నారు. ఒకప్పుడు ఉత్తరాదిన కంపెనీ సిపాయినే 'తిలంగా' అని పిలిచేవారంటే మనవాళ్లు ఎంతమంది ఉండేవారో ఊహించుకోవచ్చు. 1780లో పుట్టిన మద్రాస్ పయనీర్లు తర్వాత మద్రాస్ సాపర్లయ్యారు, అంటే సైన్యానికి దారులు, వంతెనలు వేసే ఇంజనీరింగ్ సిపాయిలు. 1834 నుంచి వారి కేంద్రం బెంగళూరే. హలసూరు చెరువు పక్కన నేటికీ ఉన్న ఎంఈజీ (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్) అదే. ఆ శతాబ్దం చివర్లో 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతం తలకెక్కించుకున్న అధికారులు దక్షిణాదివాళ్లు పోరుకు పనికిరారని తీర్మానించారు. మద్రాసు పదాతి దళాల్ని తగ్గించుకుంటూ పోయి 1928 నాటికి పూర్తిగా రద్దు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక మళ్లీ మద్రాస్ రెజిమెంట్‌ను లేపారు. సాపర్లు మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ సాపర్లు మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) దాకా వెళ్లారు. అక్కడ పోయినవారికి ఏం జరిగిందన్నది నన్ను చాలా బాధపెట్టే సంగతి. హోదా, జాతి అన్న తేడా లేకుండా చనిపోయిన ప్రతి ఒక్కరినీ పేరుతో తలవాలన్నది 1917లో పుట్టిన యుద్ధ సమాధుల కమిషన్ నియమం. అదే కమిషన్ బస్రాలో కట్టిన స్మారకం మీద బ్రిటిష్ సైనికులకు పేర్లున్నాయి. భారతీయుల్లో అధికారులకే పేర్లు. మామూలు సిపాయిలకు దళం పేరు కింద ఒక అంకె, అంతే. ఇంతమంది పోయారని లెక్క. కమిషన్ ఈ వివక్షను ఒప్పుకుని క్షమాపణ చెప్పింది 2021లో.

పల్లెల్లోనూ అదే తీరు. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల చిన్న పాలరాతి ఫలకాలు పెట్టారు. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని రెండు వాక్యాలు. ఎవరన్నది లేదు. ఏ ఇంటి కొడుకో ఊరికి తెలిసినంత కాలమే ఆ ఫలకానికి అర్థం. ఆ తరం పోయాక మిగిలింది అంకె.

స్వాతంత్ర్యం తర్వాత ఈ లోటును తీర్చే ప్రయత్నం పెద్ద ఎత్తున జరిగింది బెంగళూరులోనే. నెహ్రూ ప్లానెటోరియం దగ్గరి పార్కులో 75 అడుగుల గ్రానైట్ ఏకశిలను వీరగల్లుగా నిలిపి, 1947 నుంచి అమరులైన సుమారు 22 వేలమంది పేర్లు చెక్కించారు. కిట్టయ్య పద్ధతి మళ్లీ వచ్చింది. అయితే అక్కడా మా పార్కు గొడవే. చెట్లు పోతాయని, పార్కు పార్కుగానే ఉండాలని నగరవాసులు అడ్డు చెప్పారు, వ్యవహారం కోర్టులదాకా వెళ్లింది. వారి భయం తప్పని నేను అనను. ఈ ఊళ్లో ఖాళీ స్థలం ఎలా మాయమవుతుందో చూస్తూనే ఉన్నాం. పార్కుల్ని ఇతర పనులకు వాడకుండా కాపాడేందుకే కర్ణాటకలో 1985లో ప్రత్యేక చట్టం వచ్చింది.

అందుకే మా పార్కులో మండపం, గ్రిల్లు, లైట్లు ఏవీ వద్దని నేనంటున్నాను. గేటు పక్కన నడుమెత్తు రాయి, దాని మీద పేర్లు, చాలు. చెట్టు కొట్టే పనే ఉండదు. పేరు ఏ ఇంటివాళ్లు ఏ లిపిలో రాసుకుంటే ఆ లిపిలోనే ఉండనిద్దాం. కార్పొరేషన్‌కు అర్జీ పెట్టేలోగా పేర్లు సేకరిద్దామని ఎంఈజీలో పనిచేసి రిటైరైన సుబేదార్ సారు, నేను ఇల్లిల్లూ తిరుగుతున్నాం.

పోయిన ఆదివారం మూడో క్రాస్‌లో ఒక అవ్వ మమ్మల్ని కూర్చోబెట్టి ట్రంకుపెట్టె తీయించింది. "మా జేజినాయన బస్రాకు పోయినోడు మళ్లా రాలేదు. ఇది ఒకటి పంపిచ్చినారంట" అని గుడ్డలో చుట్టిన వెండి మెడల్ చేతిలో పెట్టింది. ఆ మెడళ్ల అంచు మీద సిపాయి నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఉంటాయని సారుకు తెలుసు. ఫోన్ టార్చి వేసి మెల్లగా తిప్పుతూ అరిగిన ఒక్కో అక్షరం ఆయన పలికారు, నేను నోటుబుక్కులో రాసుకున్నాను. అవ్వ ఆ పేరు మళ్లీ ఒకసారి చదవమంది.