హమ్ పోతే పాటా పోతోంది, ఎందుకు?

మిర్యాలగూడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి రాశాడు. చర్చిలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాడట. మూడు పికప్‌ల గిటార్ (తీగల ఊపును కరెంటుగా మార్చేవే పికప్‌లు). గిటార్ ముందుండే పలక, పిక్‌గార్డ్, పగిలితే కొత్తది తెప్పించి, పనిలో పనిగా మధ్య పికప్ కూడా మార్చాడు. "సార్, మధ్య పికప్, బ్రిడ్జి పికప్ (తీగలు ఆనే చివర ఉన్నది) రెండూ కలిసే చోట స్విచ్ పెడితే హమ్, అదే ఆ గుయ్యిమనే మోత, పోతోంది. కానీ సౌండ్ కూడా సన్నబడి ముక్కుతో పాడినట్టు వస్తోంది. మధ్య పికప్ వైర్లు రెండూ అటూ ఇటూ మార్చి సోల్డర్ చేశాను. సౌండ్ నిండుగా వచ్చింది, హమ్ కూడా తిరిగొచ్చింది. రెండిట్లో ఒకటే దక్కుతుందా?"

దక్కుతాయి తమ్ముడూ, రెండూ దక్కుతాయి. వైర్లతో మాత్రం కాదు.

పికప్ గురించి అవసరమైనంతే చెప్తాను. అయస్కాంతం, దాని చుట్టూ 0.06 మిల్లీమీటర్ల రాగి తీగ. ఇలాంటి ఒంటి కాయిల్ పికప్‌లో సుమారు 8,000 చుట్లు, విప్పి పరిస్తే కిలోమీటరు పైమాటే. పైన ఉన్న స్టీలు తీగను అయస్కాంతం తనలాగే అయస్కాంతంగా మారుస్తుంది. తీగ ఊగితే కాయిల్ గుండా పోయే అయస్కాంత క్షేత్రం మారుతుంది, వోల్టేజ్ పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన ప్రేరణ ఇదే. నాగార్జునసాగర్‌లో కరెంటు పుట్టేదీ దీనివల్లే.

ఆ సాగర్ కరెంటే గిటార్‌కు శత్రువు. 50 హెర్ట్జ్ ఏసీ మన గోడల్లో, ట్యూబ్‌లైట్ చోకుల్లో, ఆంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరుగుతూ చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని ఊపుతుంటుంది. కాయిల్‌కు ఊపింది తీగా, ట్రాన్స్‌ఫార్మరా అన్న పట్టింపు లేదు. రెండిటికీ వోల్టేజ్ ఇస్తుంది. 50తో పాటు 100 హెర్ట్జ్ కూడా గట్టిగా వినిపిస్తుంది. లావు తీగ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే జీ స్వరం 98 హెర్ట్జ్. హమ్ వస్తుండగా ఆ స్వరం వాయించి వినండి, సెకనుకు రెండుసార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో జతకట్టింది. కాబట్టి గద్వాలలో గిటార్ హమ్ ఏ స్వరమో, అమృత్‌సర్‌లోనూ అదే స్వరం. నాకు ఇది తలచుకున్నప్పుడల్లా సరదాగా ఉంటుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. తీగ నుంచి వచ్చే వోల్టేజ్ ప్లస్సా మైనస్సా అన్నది రెండిటి మీద ఆధారపడుతుంది. ఒకటి కాయిల్ చుట్టిన దిశ. రెండోది పైకి ఉన్న అయస్కాంత ధ్రువం, ఉత్తరమా దక్షిణమా. వీటిలో ఏ ఒక్కటి మార్చినా గుర్తు తిరగబడుతుంది, రెండూ మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. హమ్ సంగతి వేరు. అది బయటి క్షేత్రం నుంచి వస్తుంది, పికప్‌లో ఏ అయస్కాంతం ఉందో దానికి అనవసరం. దాని గుర్తును మార్చేది చుట్టిన దిశ ఒక్కటే.

అంటే పాట (తీగ నుంచి వచ్చే శబ్దం) గుర్తు రెండు గుర్తుల లబ్ధం, హమ్ గుర్తు అందులో ఒకటి మాత్రమే. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ అని ఏడో తరగతిలో బట్టీ పట్టించాం. ఎందుకని అడిగిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టాం. ఒక గిటార్ తెచ్చి వినిపించి ఉంటే బాగుండేది.

బ్రిడ్జి పికప్‌ను చుట్టు ప్లస్, అయస్కాంతం ప్లస్ అనుకుందాం. మన తమ్ముడు కొత్తగా వేసిన మధ్య పికప్ చుట్టు మైనస్, అయస్కాంతం ప్లస్. పాట మైనస్, హమ్ మైనస్. బ్రిడ్జితో కలిపితే రెండూ కొట్టుకుపోతాయి. పాట పూర్తిగా ఎందుకు పోలేదంటే, రెండు పికప్‌లూ తీగ కింద వేర్వేరు చోట్ల ఉన్నాయి. తీగ మూల కంపనం రెండు చోట్లా ఒకే వైపు ఊగుతుంది కాబట్టి మంద్ర స్వరం చాలావరకు రద్దవుతుంది. పై అనుస్వరాలు, అంటే మూల కంపనానికి రెండింతలు, మూడింతలు వేగంగా ఊగేవి, ఒకచోట పైకి, ఇంకోచోట కిందికి ఊగుతుంటాయి, అవి మిగులుతాయి. ఆ ముక్కు గొంతు వాటిదే.

వైర్లు మార్చడమంటే చుట్టిన దిశ మార్చడమే. చుట్టు ప్లస్, అయస్కాంతం ప్లస్. పాట ప్లస్, హమ్ ప్లస్. రెండూ వచ్చేశాయి.

మన దగ్గర బోరు ఉన్న ప్రతి రైతుకూ దీనిలో సగం తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ కాలి కొత్తది పెట్టాక త్రీఫేజ్ మోటార్ ఒక్కోసారి ఉల్టా తిరుగుతుంది, నీళ్లు సన్నగా వస్తాయి. స్టార్టర్ డబ్బా దగ్గర ఏవైనా రెండు ఫేజులు మారిస్తే మళ్లీ నిండుగా పోస్తుంది. సన్నగా రావడం, రెండు వైర్లు మార్చడం, నిండుగా రావడం: ఇక్కడిదాకా గిటార్ కథే. పోలిక ఇక్కడ ఆగిపోతుంది. మోటార్‌లో మార్చడానికి ఆ ఒక్క గుర్తే ఉంది, పికప్‌లో రెండున్నాయి.

కావలసింది చుట్టు మైనస్, అయస్కాంతం మైనస్. అప్పుడు పాట ప్లస్, హమ్ మైనస్. బ్రిడ్జితో కలిస్తే పాట తోడవుతుంది, హమ్ చస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజినీర్ సేత్ లవర్ ఇలాంటి రెండు కాయిళ్లను ఒకే పికప్‌లో పక్కపక్కన పెట్టి పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు, 1959లో వచ్చింది. అదే హంబకర్. ఇందులో ఒక షరతు ఉంది, రెండు కాయిళ్లకూ హమ్ సమానంగా తగలాలి. ఆంప్లిఫయర్ పక్కనే కూర్చుంటే ఒక కాయిల్‌కు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ తగిలి కొంత మిగిలిపోతుంది. రెండడుగులు వెనక్కి జరగండి.

మరి తీగల మీద చేయి వేస్తే ఒక రకం బర్రుమనే శబ్దం తగ్గుతుంది కదా? శరీరంలో శక్తి గిటార్‌లోకి పోతుందని చెప్పేవాళ్లను చూశాను. అలాంటిదేం లేదు. ఆ బర్రు అయస్కాంత క్షేత్రం వల్ల కాదు, విద్యుత్ క్షేత్రం వల్ల. బ్రిడ్జి వైరు ద్వారా తీగలు ఆంప్లిఫయర్ చాసీకి, అంటే దాని లోహపు చట్రానికి, కలిసి ఉంటాయి. వాటిని తాకగానే మీ ఒళ్లు కూడా చాసీకి కలిసి, క్షేత్రాన్ని ఆపే తెరవుతుంది. కొత్త పిక్‌గార్డ్ వెనక రాగి రేకు టేపు అతికించి, దాన్ని వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ తిప్పే బిరడా కింద ఉండే భాగం) వెనకభాగానికి కలిపితే ఆ తెర శాశ్వతం. కానీ పల్చటి రాగి రేకు 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని ఆపలేదు, అది రేకులోంచి దర్జాగా పోతుంది. టేపు వేసినా హమ్ తగ్గలేదని తిట్టుకునేవాళ్ల గొడవ ఇదే. పిక్‌గార్డ్ రంగు మారిస్తే టోన్ మారుతుందన్న మాటకు నా దగ్గర జవాబు లేదు, నవ్వు మాత్రం ఉంది.

హమ్ తగ్గుతుందని ఆంప్లిఫయర్ ప్లగ్ ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. లోపల లీకేజీ ఉంటే మీ వేళ్ల కింద తీగల్లో కరెంటు ఉంటుంది, మూతి దగ్గర ఎర్త్‌కు కలిసిన మైకు ఉంటుంది, మధ్యలో మీరుంటారు.

పరీక్ష ఎలా చేయాలో చెప్తాను. మోటార్ వైండింగ్ షాపుల్లో ముల్లు ఉన్న పాత మల్టీమీటర్ ఉంటుంది, అదే కావాలి. డీసీలో అతి తక్కువ రేంజి పెట్టి పికప్ రెండు వైర్లకూ తగిలించండి. పికప్ తలకు స్క్రూడ్రైవర్ ఆనించి చటుక్కున లాగితే ముల్లు ఒక వైపు తుళ్లుతుంది. రెండు పికప్‌లకూ, హాట్ వైరుకు ఎర్ర ప్రోబు పెట్టి, ముల్లు ఒకే వైపు తుళ్లితే పాట గుర్తు ఒకటే. తర్వాత రెండిటి మీదా దిక్సూచి పెట్టండి. ఒకే ధ్రువం చూపిస్తే, తమ్ముడూ, నీ గొడవ తేలినట్టే.

పికప్ అడుగున నల్లటి సెరామిక్ అయస్కాంతం పట్టీ ఒకటే అతికించి ఉంటే నీ అదృష్టం. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి, జాగ్రత్తగా ఊడదీసి, బోర్లించి అతికించు. కాయిల్ తీగకు గోరు తగిలినా తెగుతుంది. తర్వాత వైర్లు మొదట ఎలా ఉన్నాయో అలాగే పెట్టు. అదే అల్నికో (ఒక రకం అయస్కాంత మిశ్రలోహం) పికప్ అయితే తీగల కింద ఉండే ఆరు కడ్డీలే అయస్కాంతాలు, చాలావాటిలో కాయిల్ తీగ వాటి మీదే చుట్టి ఉంటుంది. కడ్డీలు నెట్టొద్దు. దుకాణంలో మార్చి, చుట్టిన దిశా, అయస్కాంతమూ రెండూ ఉల్టాగా ఉన్న మధ్య పికప్ అడుగు, ఆర్‌డబ్ల్యూఆర్‌పీ అంటే వాళ్లకు తెలుస్తుంది. దిక్సూచి వెంట తీసుకెళ్లు, డబ్బులిచ్చే ముందే చూసుకోవచ్చు.