బెంచ్‌ను బట్టి తీర్పు మారుతుందా? ఓ నూరేళ్ల లెక్క

ఆ రోజు విచారించే కేసుల జాబితా, అంటే కాజ్ లిస్టు రాగానే హైదరాబాద్ హైకోర్టు లాయర్లు ఐటెం నంబరు కన్నా ముందు బెంచ్ ఎవరిదో చూసుకుంటారు. ‘ఆయన దగ్గర స్టే దొరకడం కష్టం’, ‘ఆమె ప్రభుత్వ వాదన వినందే ఏమీ ఇవ్వరు’ అనే మాటలు బార్‌లో రోజూ వినబడేవే. కక్షిదారుకు టెన్షన్ కూడా అక్కడే మొదలవుతుంది. ఈ నోటిమాటల్లో నిజమెంతో లెక్కగట్టే పరిశోధనకు నూరేళ్ల చరిత్ర ఉన్నా, అందులో మన హైకోర్టుల ఊసు చాలా తక్కువ.

మొదలుపెట్టింది అమెరికన్లు. న్యూయార్క్ మేజిస్ట్రేట్ కోర్టుల్లో తాగి పట్టుబడ్డ కేసుల వంటివాటిని చార్లెస్ హేన్స్ 1922లో పోల్చి చూపాడు. ఒకే రకం నేరానికి ఒక మేజిస్ట్రేట్ దాదాపు అందరికీ శిక్ష వేస్తే, మరొకరు చాలామందిని వదిలేశారు. 1948లో హెర్మన్ ప్రిచెట్ వాళ్ల సుప్రీంకోర్టు మీదే పుస్తకం రాశాడు. ఎవరు ఎవరితో కలిసి విభేదించారో పట్టికలు వేసి, న్యాయమూర్తుల మధ్య ఉన్న వర్గాలను చూపించాడు. అక్కడ తొమ్మిదిమందీ కలిసి కూర్చుంటారు కాబట్టి ప్రతి కేసులోనూ లెక్కపెట్టడానికి ఓట్లుంటాయి.

ఆ పద్ధతిని జార్జ్ గాడ్‌బోయిస్ అనే అమెరికన్ పండితుడు మన సుప్రీంకోర్టుకు తెచ్చాడు. ఆయన పరిశోధన 1960లలో మొదలైంది. 1980లలో న్యాయమూర్తులను స్వయంగా కలిసి మాట్లాడాడు కూడా. విభేదించే న్యాయమూర్తి అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది కోకా సుబ్బారావు. 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లి, 1962 నాటి ఖరక్ సింగ్ కేసులో గోప్యత గురించి మెజారిటీతో విభేదించారు. 2017లో తొమ్మిదిమంది ధర్మాసనం ఆయన మాటే సరైనదంది. హైకోర్టులో ఇలాంటి లెక్క ఎక్కడ దొరుకుతుంది? సింగిల్ జడ్జి ఒక్కరే కూర్చుంటారు, ఇక విభేదించేదెవరితో? డివిజన్ బెంచ్‌లోనూ ఇద్దరూ వేర్వేరు తీర్పులు రాయడం అరుదు.

హైకోర్టుల్లో తేడా తెలియాలంటే రెండు కోర్టులను పక్కపక్కన పెట్టి చూడాలి. అందుకు హైదరాబాద్ కేసే ఒకటుంది. భార్యాభర్తలు కలిసి కాపురం చేయాలని కోర్టు ఆదేశించే వీలు హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ఇస్తుంది. కడప సబ్‌కోర్టు నుంచి వచ్చిన సరిత కేసులో 1983 జులైలో జస్టిస్ పి.ఎ.చౌదరి ఆ సెక్షన్‌నే కొట్టేశారు. స్త్రీకి తన శరీరంపై ఉన్న హక్కునూ గోప్యతనూ అది కాలరాస్తుందన్నారు. నాలుగు నెలలు తిరగ్గానే ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ రోహత్గీ సరిగ్గా వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఇంటి గడప లోపలికి రాజ్యాంగాన్ని తేవడం తగదన్నది ఆయన వాదన. 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ వైపే నిలిచింది. రెండు హైకోర్టుల ముందూ ఉన్నది అదే రాజ్యాంగం, అదే సెక్షన్, అదే 1983వ సంవత్సరం. కానీ ఇలాంటి ఉదాహరణలెన్ని పోగేసినా గణాంకం కాదు.

గణాంకానికి రికార్డు కావాలి. మన హైకోర్టు తీర్పుల మొదటి పేజీ చూడండి, మూడు ప్రశ్నలుంటాయి: పత్రికా విలేకరులు చూడవచ్చా, లా జర్నళ్లకు పంపవచ్చా, న్యాయమూర్తి ఫెయిర్ కాపీ (తీర్పు శుద్ధప్రతి) చూడదలచారా? రెండో ప్రశ్న దాటినవే మామూలుగా ఏఎల్‌టీ (ఆంధ్ర లా టైమ్స్), ఏఎల్‌డీ (ఆంధ్ర లీగల్ డెసిషన్స్) లాంటి జర్నళ్లదాకా వెళ్లేవి. మిగతావి ఫైళ్లలోనే ఉండిపోయేవి. ప్రభుత్వ చర్యలను సవాలు చేస్తూ వేసే రిట్లలో మనిషి తలరాత తేల్చే మధ్యంతర ఉత్తర్వులు ఈ వడపోతలో కనిపించడమే అరుదు. అచ్చయిన తీర్పులను మాత్రమే లెక్కపెట్టి ‘కోర్టు ధోరణి ఇదీ’ అనడం నాకు ఏనాడూ నమ్మబుద్ధి కాలేదు.

2007లో కోర్టు రికార్డులను కంప్యూటర్లకెక్కించే ఈ-కోర్టుల ప్రాజెక్టు, 2015లో కేసుల వివరాలను ఆన్‌లైన్‌లో పెట్టే నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ వచ్చాక పరిస్థితి మారింది. ఆ రికార్డుల నుంచి 2010-2018 నాటి 50 లక్షలకు పైగా క్రిమినల్ కేసులను ఆర్థికవేత్తల బృందమొకటి జల్లెడ పట్టింది. నిందితుడిదీ జడ్జిదీ ఒకే మతమో, ఒకే లింగమో అయితే తీర్పు మెత్తబడుతుందా అని చూస్తే, మొత్తం మీద అలాంటి పక్షపాతం కనిపించలేదు. అయితే అవన్నీ కింది కోర్టుల కేసులు. సుప్రీంకోర్టు మీద ఆనే, దామ్, కో అనే ముగ్గురు పరిశోధకులు చేసిన అధ్యయనం ఇంకో కోణం తీసింది: ముఖ్యమైన కేసుల్లో ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు రాయడానికీ, రిటైరయ్యాక వచ్చే పదవులకీ సంబంధం ఉందని. ఆశ సంగతి అది. భయం సంగతి 1976లో బయటపడింది. ఎమర్జెన్సీలో 16 మంది హైకోర్టు న్యాయమూర్తులను బదిలీ చేసినప్పుడు మన ప్రధాన న్యాయమూర్తి ఓబుల్‌రెడ్డిని గుజరాత్‌కు పంపారు. అక్కడి నుంచి ఇక్కడికి వేసిన జస్టిస్ సంకల్‌చంద్ సేఠ్ ఆ బదిలీపై కోర్టుకెక్కారు.

ఇక హైకోర్టులో ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు ముందు రోస్టర్‌ను, అంటే బెంచ్‌లకు పని పంచే పట్టికను, అర్థం చేసుకోవాలి. ఏ బెంచ్ ఏ సబ్జెక్టు వినాలో ప్రధాన న్యాయమూర్తే నిర్ణయిస్తారు. ఒకరికి రెవెన్యూ రిట్లు, ఒకరికి సర్వీసు, ఇంకొకరికి బెయిళ్లు. కొన్నాళ్లకు అవీ మారతాయి. భూముల రిట్లు వినేవారినీ బెయిళ్లు వినేవారినీ పక్కన పెట్టి ఒకరు ఉదారులు, ఒకరు కఠినులు అంటే అర్థం లేదు. ఇజ్రాయెల్ పెరోల్ అధ్యయనానికి ఈ దెబ్బే తగిలింది. భోజన విరామం దగ్గరపడేకొద్దీ పెరోల్ దొరకడం తగ్గిపోతోందని 2011లో పెద్ద వార్తయింది. కేసులు పిలిచే వరుసే యాదృచ్ఛికం కాదనీ, లాయరు లేని ఖైదీలు చివర్లో వస్తున్నారనీ వెంటనే ఇతరులు ఎత్తిచూపారు. తెలంగాణ హైకోర్టు విషయంలో చిక్కు మరింత ఎక్కువ. 2019 జనవరి 1న ఉమ్మడి హైకోర్టు రెండుగా చీలింది, 2021లో మంజూరైన న్యాయమూర్తుల సంఖ్య 24 నుంచి 42కు పెరిగింది. కాబట్టి ఇక్కడ ఏ ఇద్దరిని పోల్చాలన్నా, ఏ తేదీన ఎవరి దగ్గర ఏ సబ్జెక్టు ఉందో పాత రోస్టర్లు తీసి ఉత్తర్వులతో జతచేయడం దగ్గరే పని మొదలవ్వాలి.