కుంపటి మీద మెత్తటి మటన్

ఇంట్లో బొగ్గుల మీద కాల్చిన మటన్ ముక్క రబ్బరులా సాగిందంటే కుంపటిని తిట్టుకుంటాం. నిజానికి సగం సంగతి కొట్టు దగ్గరే తేలిపోయి ఉంటుంది.

మాంసం గట్టిదనమంతా రెండింటిలో ఉంది. ఒకటి కండపోగులు, రెండోది వాటిని కట్టి ఉంచే కొలాజెన్. పోగుల్లోని ప్రోటీన్లు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గరే బిగుసుకోవడం మొదలుపెడతాయి. 70కి చేరేసరికి లోపలి నీటిని పిండేస్తాయి. కొలాజెన్ దీనికి తలకిందులు. 70 దాటిన వేడిలో గంటల తరబడి తడిగా ఉడికితేనే కరిగి జెలటిన్ అవుతుంది. పాయా తాగాక పెదవులు ఒకదానికొకటి అంటుకుంటాయి కదా, ఆ జిగురు అదే. చువ్వకు గుచ్చిన ముక్క నిప్పుల మీద ఉండేది పది, పదిహేను నిమిషాలు. అంతలో కొలాజెన్ కరగమన్నా కరగదు. అందుకే పిక్క, మెడ మాంసం కూరకు ఉంచుకుని, కాల్చడానికి లేత మేక వెన్ను పక్క కండ అడిగి తెచ్చుకోండి.

ఇంకో మాట. కోసిన కొన్ని గంటలకు కండ బిర్రబిగుస్తుంది. ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచితే దానిలోని ఎంజైములే ఆ బిగువును సడలిస్తాయి. ఆదివారం కబాబ్‌కు శనివారమే మటన్ తేవాలంటాను నేను.

ఇక అసలు వస్తువు పచ్చి బొప్పాయి. హైదరాబాదీ పత్థర్ కా గోష్త్‌కు ముక్కను కాలిన గ్రానైట్ బండ మీద వేసేముందు దీని ముద్ద పట్టిస్తారు. పచ్చికాయ తొక్క మీద కత్తితో ఒక గీత గీసి చూడండి. గీత పొడవునా తెల్లటి పాలు పూసల్లా ఉబికి వస్తాయి. ఆ పాలలో ఉండే ఎంజైము పేరు పాపెయిన్. ప్రోటీన్ గొలుసులను ముక్కలు చేయడమే దాని పని. కాయ పండేకొద్దీ ఈ పాలు తగ్గిపోతాయి, కాబట్టి పండు పనికిరాదు. ముద్ద నూరేటప్పుడు తొక్క తీసేయకండి, పాలు ఎక్కువగా ఉండేది అక్కడే.

పాపెయిన్ ఫ్రిజ్ చలిలో మందకొడిగా పనిచేస్తుంది. నిప్పుల మీద ముక్క 60, 70 డిగ్రీలకు వచ్చినప్పుడు విజృంభిస్తుంది. వేడి ఇంకా పెరిగితే తానే చెడిపోతుంది. అయితే అది ముక్క లోతుకు దిగలేదు. లావు ముక్కకు పట్టించి రాత్రంతా వదిలేస్తే పైన గుజ్జయిపోతుంది, లోపల మాత్రం ఎప్పటిలా గట్టిగానే ఉంటుంది. పలచగా కోసిన కిలో మాంసానికి రెండు చెంచాల ముద్ద, గంటా రెండు గంటల సమయం చాలు.

కోత కూడా ముఖ్యం. మాంసాన్ని వెలుతురులో పెడితే పోగులు ఏ వాలున ఉన్నాయో సన్నటి గీతలుగా కనబడతాయి. కత్తి వాటికి అడ్డంగా నడవాలి. అప్పుడు ప్రతి ముక్కలోనూ పోగు పొట్టిగా ఉంటుంది, పంటి కింద సులువుగా విడిపోతుంది.

నిప్పులు నివురు కప్పాకే చువ్వలు పెట్టండి. ముక్క అంచులు ఎర్రబడి నూనె చిటపటలాడగానే తీసేయండి. ఐదు నిమిషాలు ఆగి, నిమ్మకాయ పిండి వడ్డించండి.