వినికిడి మందుల ట్రయల్స్: మనవాళ్ళలో ఉన్న అపోహలు, అసలు సంగతులు

చెన్నైలో ఒక ఆస్పత్రి ఈఎన్‌టీ విభాగంలో క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. వినికిడి సమస్యలకు కొత్తగా తయారవుతున్న మందులను మనుషుల మీద పరీక్షించి చూసే ట్రయల్స్‌కి తగినవాళ్ళను వెతకడం, వాళ్ళకు అన్నీ వివరించడం, చేరినవాళ్ళ బాగోగులు చివరిదాకా చూసుకోవడం నా పని. నెల్లూరు, గూడూరు, పుత్తూరు నుంచి వచ్చేవాళ్ళు, సూళ్ళూరుపేట లోకల్ ఎక్కి వచ్చేవాళ్ళు, పెరంబూరులో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు నా దగ్గర కూర్చుని అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటికి ఇక్కడ వివరంగా జవాబు రాస్తున్నాను.

అపోహ: "ట్రయల్ అంటే మనల్ని ఎలుకల్లా వాడుకోవడమే."

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అది ఊరికే పుట్టింది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు, చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టినట్టు తర్వాత విచారణలో బయటపడింది. 2011లో పిడుగురాళ్ళ ప్రాంతం పేద మహిళలను డబ్బు ఆశ చూపి మందుల పరీక్షలకు తీసుకెళ్ళారన్న వార్త కూడా మనవాళ్ళకు గుర్తుంది. అనుమానించడం న్యాయమే.

ఇలాంటివి జరిగాకే, సుప్రీంకోర్టు గట్టిగా అడిగాకే, 2013 నుంచి నిబంధనలు బిగిశాయి. ఇప్పుడు నడిచేది 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం. ట్రయల్‌కి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి. చేరేవాళ్ళ భద్రత, హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీలో డాక్టర్లతో పాటు న్యాయం తెలిసినవాళ్ళు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి కూడా ఉండాలి. మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా అందించాలి, నష్టపరిహారం కట్టాలి. ఇవేవీ మేము దయతలచి ఇచ్చేవి కావు. మీ హక్కులు. నిలదీసి అడగండి.

అపోహ: "చేరితే చెవుడు పోతుందట కదా!"

ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది, ఎందుకంటే అడిగేవాళ్ళ కళ్ళలో ఆశ కనిపిస్తుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు ఒక్కో చెవిలో సుమారు 15 వేలు ఉంటాయి. పక్షుల్లో అవి దెబ్బతిన్నా మళ్ళీ పుడతాయి, మనుషుల్లో పుట్టవు. మనవాళ్ళు "నరం వీక్ అయింది" అనే చెవుడులో చాలాసార్లు దెబ్బతినేవి ఈ కణాలే. వాటిని తిరిగి మొలిపించి, పోయిన వినికిడిని తెచ్చే మాత్రగానీ ఇంజెక్షన్‌గానీ ఇప్పటికి ఆమోదం పొందలేదు. 2022లో అమెరికాలో ఆమోదం పొందిన సోడియం థయోసల్ఫేట్ మందు ఉంది గానీ, అది సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు తీసుకునే పిల్లలకు వినికిడి పోయే ముప్పును తగ్గించడానికి. పోయినదాన్ని తేవడానికి కాదు. 2024లో చైనా నుంచి వచ్చిన జన్యు చికిత్స ఫలితాలు నిజంగా సంతోషం కలిగించేవే. అయితే అది ఓటీఓఎఫ్ అనే ఒక్క జన్యువులో లోపంతో పుట్టిన పిల్లలకు మాత్రమే.

కాబట్టి ట్రయల్‌లో చేరడమంటే చికిత్స కొనుక్కోవడం కాదు. మందు పనిచేస్తుందో లేదో తేల్చే పనిలో మీరూ ఒక చెయ్యి వేయడం. ట్రయల్‌ను నమ్ముకుని వినికిడి మిషన్ కొనడం వాయిదా వేయకండి.

అపోహ: "పరీక్షలో కాస్త ఎక్కువ చెవుడున్నట్టు చూపిస్తే తప్పకుండా తీసుకుంటారు."

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. బీపీని మిషన్ కొలుస్తుంది, షుగర్‌ను రక్తం చెబుతుంది. వినికిడి పరీక్షలో మాత్రం శబ్దం వినగానే బటన్ నొక్కాల్సింది మీరే, పలికిన మాటను తిరిగి చెప్పాల్సింది మీరే. కొత్త మందు భవిష్యత్తు మీ నిజాయతీ మీద నిలబడి ఉంటుంది.

అమెరికాలో ఎఫ్‌ఎక్స్-322 అనే ఇంజెక్షన్ మీద చాలామంది ఆశలు పెట్టుకున్నారు. 2021లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో అసలు మందుకీ, చూడటానికి అలాగే ఉండి లోపల మందు లేని డమ్మీకీ తేడా కనిపించలేదు. డమ్మీ తీసుకున్నవాళ్ళకు కూడా వినికిడి మెరుగైనట్టు వచ్చింది. చేరాలన్న ఆరాటంలో కొందరు మొదటి పరీక్షల్లో తమ వినికిడిని ఉన్నదానికంటే తక్కువగా చూపించి ఉండవచ్చని తర్వాత ఆ మందు తయారుచేసిన సంస్థే చెప్పింది. తర్వాతి ట్రయల్‌లో ముందే పలుమార్లు పరీక్షించి చేర్చుకున్నారు. అందులోనూ మందు నిలబడలేదు, 2023లో ఆ ప్రయత్నం ఆగిపోయింది. మొదట్లోనే నిజమైన అంకెలు వచ్చి ఉంటే ఎంత కాలం, ఎంతమంది ఆశ మిగిలేవో!

అందుకే చేరే ముందు పరీక్షను ఒక్కసారితో ఆపం. వేరే రోజుల్లో మళ్ళీ చేస్తాం. మీరు బటన్ నొక్కనక్కర్లేని పరీక్షలు కూడా ఉన్నాయి. తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దానికి నరం ఎలా స్పందిస్తుందో చూస్తాం. అంకెలకు పొంతన కుదరకపోతే మిమ్మల్ని ట్రయల్‌లో చేర్చుకోకుండా పక్కన పెట్టక తప్పదు.

ఇక్కడే భాష సంగతి కూడా చెప్పాలి. "నాకు తమిళం బాగా వచ్చు, తమిళంలోనే పెట్టండి" అంటారు పెరంబూరు వాళ్ళు. కానీ మాటలు పోల్చుకునే పరీక్ష మాతృభాషలో జరిగితేనే సరైన ఫలితం వస్తుంది. తెలియని మాట వినపడకపోతే అది చెవి లోపమా, భాష లోపమా ఎవరు చెప్పగలరు? తెలుగులో పదాల జాబితాలు ఉన్నాయి, అడిగి మరీ పెట్టించుకోండి.

అపోహ: "మా నాయనకి వినపడదు మ్యాడమ్, నాకు చెప్పండి, ఆయన సంతకం పెట్టేస్తాడు."

కొడుకులు, కూతుళ్ళు ప్రేమతోనే అంటారు ఈ మాట. అయినా ఒప్పుకోను. మందు ఎక్కేది ఆయన ఒంట్లోకి, సమ్మతి ఆయనదే కావాలి. పైగా చాలా ఏళ్ళుగా వినికిడి తగ్గినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. సరిగ్గా వినపడకపోయినా మాటిమాటికీ "ఏంటీ?" అని అడగడం నామోషీగా ఉండి, నవ్వుతూ తలూపేస్తారు. ఆ తలూపడాన్ని సమ్మతి అనుకుంటే అంతకంటే అన్యాయం ఉండదు.

అందుకని నిశ్శబ్దంగా ఉండే గదిలో, ఫ్యాన్ ఆపి, నా ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా కూర్చుంటాను. మిషన్ ఉంటే పెట్టుకున్నారో లేదో, బ్యాటరీ ఉందో లేదో చూస్తాను. చిన్న చిన్న మాటల్లో చెబుతాను, ముఖ్యమైనవి పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాస్తాను. తర్వాత "అయ్యా, ఇప్పుడు మీరు నాకు చెప్పండి. ఇంజెక్షన్ ఎక్కడ వేస్తారు? ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేస్తారు?" అని అడుగుతాను. కర్ణభేరిలోంచి సూది దింపి మధ్య చెవిలోకి మందు వదులుతారని, కాసేపు తల తిరగవచ్చని ఆయన తన మాటల్లో చెప్పగలిగినప్పుడే కాగితం ముందుకు జరుపుతాను. చదవడం రానివాళ్ళ విషయంలో, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. పత్రం తెలుగులోనే ఉండాలి, ఒక ప్రతి మీ చేతికి ఇవ్వాలి. ఇంటికి తీసుకెళ్ళి ఆలోచించుకుని రండి, ఎవరూ తొందర పెట్టకూడదు.

అపోహ: "సంతకం పెడితే ఇరుక్కున్నట్టే."

కాదు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే బయటికి రావచ్చు. మీకు మామూలుగా అందే వైద్యం ఆగకూడదు.

అపోహ: "డమ్మీ మందు ఇవ్వడం మోసం."

చెప్పకుండా ఇస్తే మోసమే. ఎవరికి ఏది వస్తుందో మీకూ డాక్టరుకూ తెలియదన్న సంగతి సమ్మతి పత్రంలో ముందే ఉంటుంది. డమ్మీ అవసరం ఎందుకంటే, హఠాత్తుగా వచ్చే చెవుడు కొంతమందిలో ఏ మందూ లేకుండానే తగ్గుతుంది. పోల్చి చూడకపోతే ఆ తగ్గుదలను మందు ఖాతాలో వేసేస్తాం.

అపోహ: "ఒక చెవి మూసుకుపోయింది, గులిమి అడ్డం పడిందేమో, వచ్చే నెల చూపిద్దాం."

ట్రయల్ సంగతి పక్కనపెట్టి వినండి. మూడు రోజుల లోపు ఒక చెవి వినికిడి ఉన్నట్టుండి పడిపోతే అది ఎమర్జెన్సీ. వెంటనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అవసరమైతే స్టెరాయిడ్లు మొదటి రెండు వారాల్లోనే మొదలుపెట్టాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాచిన నూనె పోసుకుంటూ ఆ రోజులు పోగొట్టుకుని వచ్చినవాళ్ళను చూస్తే చాలా బాధ కలుగుతుంది. ఈ తరహా చెవుడు మీద జరిగే ట్రయల్స్ కూడా సాధారణంగా త్వరగా వచ్చినవాళ్ళనే తీసుకుంటాయి.

అపోహ: "బాగా డబ్బులిస్తారట."

రానుపోను ఛార్జీలు, పోయిన కూలికి పరిహారం లాంటివి ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నంత మేరకే ఇస్తారు. ఎంతన్నది పత్రంలో రాసి ఉంటుంది. ట్రయల్ మందుకు మీ దగ్గర డబ్బు అడిగినా, పెద్ద మొత్తం ఇస్తామని ఏజెంట్ ఎవరైనా ఊరికి వచ్చినా, ముందు సీటీఆర్‌ఐ నంబర్ అడగండి. ఆ నంబర్ వెబ్‌సైట్‌లో కొడితే ట్రయల్ ఎవరిది, ఏ ఆస్పత్రిలో, బాధ్యుడైన డాక్టరు ఎవరు అన్నీ కనిపిస్తాయి. నంబర్ చెప్పలేనివాళ్ళ కాగితం మీద సంతకం పెట్టకండి.