మేడ మీది గాలిమర: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇళ్ల మీద సోలార్ పలకలు, చిన్న గాలిమరలు అమర్చడం నా వృత్తి. ఫోనులో చూడముచ్చటైన గాలిమర వీడియో చూపించి, "ఇది మా డాబా మీద పెట్టిస్తే కరెంటు బిల్లు ఉండదట కదండీ?" అని అడిగేవారు తరచుగా వస్తుంటారు. వారి ఉత్సాహం నాకు ఇష్టమే. కష్టార్జితం మాత్రం వృథా కాకూడదన్నది నా తాపత్రయం.

అపోహ: ఒక కిలోవాట్ యంత్రం గంటకు ఒక యూనిట్ ఇస్తుంది.

వాస్తవం: యంత్రం మీద రాసిన సామర్థ్యం సాధారణంగా సెకనుకు 11, 12 మీటర్ల గాలి వీచినప్పటి లెక్క. గాలి వేగం సగమైతే అందులోని శక్తి సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉన్న యంత్రం గాలిలోని శక్తిలో 30 శాతాన్ని ఒడిసిపట్టగలిగినా, 12 మీటర్ల వేగంలో సుమారు 600 వాట్లు ఇచ్చేది, 3 మీటర్ల వేగంలో పది వాట్లు ఇస్తుంది. ఒక ఎల్‌ఈడీ బల్బుకు అది సరిపోతుంది.

అపోహ: మా మేడ మీద గాలి హోరుమంటుంది, అది చాలు.

వాస్తవం: ఒంటికి తగిలే గాలి వేరు, యంత్రానికి కావలసిన గాలి వేరు. నేను సర్వేకు వెళ్లినప్పుడు వెదురు కర్రకు పొడవైన రిబ్బను కట్టి నీళ్ల ట్యాంకు పక్కన నిలబెడతాను. రిబ్బను ఒకే దిక్కుకు సాగి నిలిస్తే మంచిదే. చాలా ఇళ్లలో అది మెలికలు తిరిగి కర్రకే చుట్టుకుంటుంది. పిట్టగోడ, ట్యాంకు, పక్క అపార్టుమెంటు గాలిని చీల్చి సుడులుగా మారుస్తాయి. అందుకే 500 అడుగుల పరిధిలోని అడ్డంకులన్నిటికంటే రెక్కలు కనీసం 30 అడుగులు పైన ఉండాలన్నది మా వృత్తిలో పాత నియమం. బ్రిటన్‌లో భవనాల మీద అమర్చిన 26 గాలిమరలను పరిశీలించిన వార్విక్ పరీక్షల నివేదిక 2009లో వెలువడింది. ఆపి ఉంచిన కాలాన్ని మినహాయించినా అవి సగటున తమ సామర్థ్యంలో 5 శాతమైనా అందుకోలేదు.

అపోహ: నిలువు ఇరుసు యంత్రాలకు, అంటే నిట్టనిలువు కడ్డీ చుట్టూ రెక్కలు తిరిగేవాటికి, ఈ ఇబ్బంది లేదు.

వాస్తవం: ఏ దిక్కు గాలికైనా అవి తిరుగుతాయన్నది నిజమే, కానీ లేని శక్తిని అవి పుట్టించలేవు. 2015లో ఈఫిల్ టవర్ మీద, నేలకు వంద మీటర్లకు పైగా ఎత్తులో అమర్చిన అలాంటి రెండు యంత్రాల నుంచి ఏడాదికి దాదాపు 10,000 యూనిట్లు వస్తాయని అంచనా వేశారు. మన ఎండకు కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది కనుక, ఏడు కిలోవాట్ల పలకలు అంతే ఇస్తాయి.

ఫ్యాక్టరీ షెడ్ల మీద గిరగిర తిరిగే గుండ్రటి డబ్బాలను చూసి గాలిమరలు అనుకునేవారూ ఉన్నారు. అవి లోపలి వేడిగాలిని బయటికి పంపే వెంటిలేటర్లు.

అపోహ: చిన్నది కాబట్టి శబ్దం రాదు.

వాస్తవం: యంత్రం కంపనం స్లాబులోకి దిగి పై అంతస్తు పడకగదిలో వినిపిస్తుంది, రబ్బరు దిమ్మెలు దాన్ని తగ్గిస్తాయే గాని పూర్తిగా ఆపలేవు.

అయినా, చిన్న గాలిమరను నేను సిఫారసు చేసే చోట్లు లేకపోలేదు. అనంతపురం వైపు గుట్టల మీదో, అడ్డులేని సముద్రతీరంలోనో, కరెంటు లైను అందకుండా ఉండే ఫామ్‌హౌసులు అలాంటివి. అక్కడ మబ్బులు పట్టి సోలార్ మందగించే జూన్, జూలై, ఆగస్టు నెలల్లోనే గాలి బలంగా వీస్తుంది. అక్కడైనా సరే, ముందు ఒక స్తంభం పాతి, ఏడాది పాటు గాలి వేగాన్ని కొలిచే అనిమోమీటరు రీడింగులు తీసిన తరువాతే యంత్రానికి ఆర్డరు ఇవ్వమంటాను.