ప్లేట్‌లెట్ల పనితీరును పట్టిచ్చే కాంతి పరీక్ష

డెంగీ జ్వరాల కాలంలో ప్లేట్‌లెట్ల సంఖ్య ఇంటింటా వినిపిస్తుంది. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటే మామూలేనని చాలామందికి తెలుసు. అయితే ఆ సంఖ్య నిండుగా ఉండి కూడా ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి తరచూ రక్తం కారేవారున్నారు. రక్తం ఆగాలంటే ప్లేట్‌లెట్లు ఒకదానినొకటి పట్టుకోవాలి, వారివి అలా పట్టుకోలేవు. ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా ఆ లోపం బయటపడదు.

దాన్ని కనిపెట్టే పద్ధతిని 1962లో లండన్‌లో శాస్త్రవేత్త గుస్టావ్ బోర్న్ ప్రకటించారు. గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తక్కువ వేగంతో తిప్పితే ఎర్రకణాలు అడుగుకు దిగి, ప్లేట్‌లెట్లున్న మసక ద్రవం, అంటే ప్లాస్మా, పైన మిగులుతుంది. అగ్రిగోమీటర్ అనే యంత్రంలో ఈ ప్లాస్మాను 37 డిగ్రీల సెల్సియస్ వద్ద కలియబెడుతూ, దాని గుండా కాంతిని పంపుతూ, ప్లేట్‌లెట్లను గుంపు కట్టేలా పురిగొల్పే ఏడీపీ, కొల్లాజెన్ వంటి ప్రేరకాన్ని చేరుస్తారు. ప్లేట్‌లెట్లు గుంపులు కట్టేకొద్దీ ద్రవం తేటపడి, ఎక్కువ కాంతి అవతలికి చేరుతుంది. ఆ మార్పే గ్రాఫుగా నమోదవుతుంది.

ఏ ప్రేరకానికి స్పందన లేదన్నదాన్ని బట్టి జబ్బు తెలుస్తుంది. గ్లాంజ్‌మన్ అనే ప్లేట్‌లెట్ల వ్యాధిలో ఏడీపీకీ, కొల్లాజెన్‌కీ, ఎడ్రినలిన్‌కీ గ్రాఫులో గీత కదలదు, రిస్టోసిటిన్‌కు మాత్రం కదులుతుంది. బెర్నార్డ్-సూలియే వ్యాధిలో ఇందుకు దాదాపు తలకిందులు. రిస్టోసిటిన్ ఒకప్పటి యాంటీబయాటిక్. రోగుల్లో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని దాన్ని వాడుకలోంచి తీసేశారు. మందుగా పనికిరాకుండా చేసిన ఆ గుణమే పరీక్షకు సాధనమవడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. ఈ రెండు వ్యాధులూ సాధారణంగా తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తాయి కాబట్టి, మేనరికాలున్న మన కుటుంబాల్లో పిల్లలకు అకారణంగా రక్తం కారుతుంటే ఈ పరీక్షను గుర్తుంచుకోవాలి.

చిక్కంతా నమూనాతోనే. ఆస్పిరిన్ మాత్ర ఒక్కటి వేసుకున్నా ఫలితం తారుమారు కావచ్చు. గుంపు కట్టడానికి తోడ్పడే ఒక ఎంజైమును ఆస్పిరిన్ పనిచేయకుండా చేస్తుంది; కేంద్రకం లేని ప్లేట్‌లెట్ దాన్ని కొత్తగా తగినంత తయారుచేసుకోలేదు కనుక, మందు దెబ్బ దాని ఏడు నుంచి పది రోజుల ఆయుష్షంతా నిలుస్తుంది. రక్తాన్ని ఫ్రిజ్‌లో పెడితే ప్లేట్‌లెట్లు ముందే ఉత్తేజితమవుతాయి. గది ఉష్ణోగ్రతలో ఉంచి, తీసిన నాలుగు గంటల్లోపే పరీక్ష ముగించాలి. అందుకే దూరపు ఊళ్లవారు నమూనాను పంపితే చాలదు, రోగే ప్రయోగశాలకు రావాలి.

రక్తాన్ని ప్లాస్మాగా విడదీయకుండానే సన్నని రంధ్రం గుండా పంపి, అది ఎన్ని సెకన్లలో మూసుకుపోతుందో చూసే యంత్రాలూ వచ్చాయి. అవి త్వరగా పని ముగిస్తాయి, కానీ స్వల్ప లోపాలు వాటి కన్నుగప్పవచ్చు. మూసుకోవడానికి ఎక్కువ సమయం పడితే, లోపం ఎక్కడుందో తేల్చడానికి మళ్లీ అగ్రిగోమీటర్ వంటి పరీక్షలకే వెళ్లాలి.